నాన్నగారి అసలు వయసెంత?

పండుగకు మన పెద్దలు ఊళ్ళనుంచి బహ్రెయిన్ వచ్చే కాలమిది. హైదరాబాదు నుంచి నేరుగా వచ్చినా విమానంలో సుమారు నాలుగు గంటలు. అంతకుమించి కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. కంగారు పడకండి, ఆరోగ్యవంతుల్లో ఇది ఆరువేల ప్రయాణాలకు ఒకటి. కాకపోతే మన పెద్దలందరూ ఆ లెక్కలోని ఆరోగ్యవంతులు కారు.

ఆ గడ్డ తెగి, గుండె కుడి గదులగుండా వెళ్ళి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే పల్మనరీ ఎంబాలిజం అంటాం. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే పోటు, ఒక్కోసారి స్పృహ తప్పడం. మనవాళ్ళు మాత్రం "గ్యాసండీ" అని వాము నమిలిస్తారు!

స్కానింగులో గడ్డ కనబడ్డాక మా ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ మనిషికి వచ్చే నెలరోజుల్లో ప్రాణాపాయం ఎంత? నొప్పి ఎంత ఉందన్నది దానికి కొలత కాదు. 2005లో వెలువడిన 'పెసి' అనే మార్కుల పద్ధతి ఇందుకు పనికొస్తుంది. బడి మార్కుల్లా కాదు, ఇక్కడ ఎక్కువొస్తే ప్రమాదం. వయసుకు ఏడాదికో మార్కు, మగవారికి 10, క్యాన్సరుంటే 30, నాడి 110 గానీ అంతకుమించి గానీ ఉంటే 20, పై బి.పి. 100కు తగ్గితే 30. ఇలా మొత్తం పదకొండు అంశాలు.

నాడి, బి.పి. మేమే చూసుకుంటాం. మిగతావి మీరు చెప్పాలి. వయసడిగితే సర్టిఫికెట్టు వయసు చెబుతారు. బడిలో మాస్టారు వేసిన పుట్టినరోజు అది! రెండు మూడేళ్ళ తేడాతో కొంప మునగదు గానీ, క్యాన్సరు సంగతి అలా కాదు. "నాన్నకు తెలియదు డాక్టరుగారూ" అని వరండాలోకి పిలిచి చెప్పిన కొడుకులున్నారు. అసలే చెప్పని వాళ్ళూ ఉన్నారు. డెబ్భై ఏళ్ళ పెద్దాయనకు మిగతావన్నీ బాగుంటే 80 మార్కులు, రెండో తరగతి. నెలలో మరణించే అవకాశం నూటికి రెండు మూడు. దాచిన ఆ 30 కలిపితే 110, నాలుగో తరగతి. నూటికి నాలుగు నుంచి పదకొండు. మాత్రలిచ్చి ఇంటికి పంపాలా, వార్డులో ఉంచాలా అన్నది అక్కడే మారిపోతుంది.

మార్కులతోనే పని అయిపోదు. గుండె కుడి గది ఉబ్బిందేమో ఎకోలో చూస్తాం, ట్రోపోనిన్ పరీక్ష చేయిస్తాం. రెండూ తేడాగా ఉంటే, మనిషి కులాసాగా కబుర్లు చెబుతున్నా మానిటరు తీయం. బి.పి. పడిపోతే మార్కులు లెక్కపెట్టే తీరికుండదు. గడ్డను కరిగించే మందు వెంటనే ఎక్కించవలసిందే, అందులో రక్తస్రావం భయం ఉన్నా సరే.

ఆయాసం హఠాత్తుగా వస్తే 999కు ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు పెద్దవాళ్ళ పాత ఫైలు తీసుకురండి. అది ఊళ్ళో బీరువాలో ఉంటే, అన్నయ్యగారిని ఫోటోలు తీసి పంపమనండి. నాన్నగారి ఎదుట చెప్పలేకపోతే చీటీ మీద రాసివ్వండి, మేం చదువుకుంటాం.