తాజంగి గట్టున గుడారం

డిసెంబరు శనివారాల్లో మధ్యాహ్నం దాటాక నర్సీపట్నం పెట్రోలు బంకుల దగ్గర నిలబడితే చాలు, కొండ మీద ఆ రాత్రి ఎంత సందడో తెలిసిపోతుంది. వెనక సీటుకు తాళ్లతో బిగించిన టెంటు సంచులు, మంకీ టోపీలు, కార్ల డిక్కీల్లోంచి పొంగుకొస్తున్న రగ్గులు. విశాఖ నుంచి, కాకినాడ నుంచి, రాజమండ్రి నుంచి, ఈమధ్య హైదరాబాద్ నుంచి కూడా వస్తున్నారు. అందరి దారీ లంబసింగి ఘాటే. పొద్దుగూకేలోపు కొండెక్కాలి, తాజంగి రిజర్వాయరు పరిసరాల్లో ఎక్కడో ఒకచోట టెంటు దించాలి, తెల్లారి లేచి మంచు చూడాలి.

ఒకప్పుడు లంబసింగి అంటే తెల్లవారుజామున వచ్చి, వేడి టీ తాగి, నాలుగు ఫొటోలు దిగి వెళ్లిపోయే ఊరు. రాత్రి ఉందామంటే గదులు దొరికేవి కావు. ఆ కొరతను టెంట్లు తీర్చాయి. కొండ మీద వరి కోతలయ్యాక ఖాళీగా ఉండే మడులు, కాఫీ తోటల పక్కనున్న చదును నేలలు ఇప్పుడు నీలం, నారింజ రంగు గుడారాలతో నిండిపోతున్నాయి. ఇది మంచి మార్పేనని నా గట్టి నమ్మకం. ఈ కొండకు హోటలు కంటే, రిసార్టు కంటే టెంటే తగినది.

ఎందుకో చెప్పాలంటే ముందు నేల సంగతి చెప్పాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ మన్యం అయిదో షెడ్యూలు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం కుదరదని తేల్చింది. పర్యాటకం పెరిగినచోటల్లా భూమి మీద కన్ను పడుతుంది. కాంక్రీటు పునాది పడిందంటే దాని వెనక పెట్టుబడి ఎవరిది, కాగితాల మీద పేరు ఎవరిది అన్న ప్రశ్న తప్పదు. టెంటుకు పునాది అక్కర్లేదు. ఎకరం చెక్క ఉన్న కుటుంబం పది టెంట్లు కొనుక్కుంటే సీజనులో సొంతంగా నాలుగు డబ్బులు కళ్లజూస్తుంది. వానలు పడేసరికి టెంట్లు మడిచి అటక మీద పెట్టి, అదే మడిలో మళ్లీ నారు వేస్తుంది. భూమి వాళ్లదే, పంట వాళ్లదే, అతిథి ఇచ్చే అద్దె కూడా వాళ్లదే.

ఈ మాట అనేటప్పుడు మనం ఎక్కి వచ్చిన రోడ్డు చరిత్ర కూడా తలుచుకోవాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే ఈ దారి పనుల్లోనే బ్రిటిష్ హయాంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం ప్రజల చేత వెట్టి చేయించాడు. సరైన కూలి ఇవ్వలేదు, అడిగినవాళ్లను హింసించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడు మీద, అడవి మీద వాళ్ల హక్కును కట్టిపడేసింది. గాం గంటందొర లాంటి మన్యం నాయకుల కోపానికి, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి ఇవన్నీ కారణాలే. కొండ దిగువన కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. కూలి ఎగ్గొట్టి వేయించిన దారిలో ఏసీ కారులో వచ్చి, గిరిజన కుర్రాడితో టెంటు అద్దెలో వంద రూపాయల కోసం అరగంట బేరమాడే వాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. అడిగింది ఇచ్చేయండి. ఆ వంద మీకు ఒక కాఫీ ఖర్చు, ఆ ఇంటికి ఒక పూట కూర.

చలి ఎక్కడ చేరుతుందో

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి విశాఖ కంటే ఇక్కడ చల్లగా ఉండటం సహజమే. కానీ శీతాకాలంలో ఉష్ణోగ్రత ఒంటి అంకెకు, కొన్నేళ్లు మరీ సున్నా దరిదాపులకు పడిపోవడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, కొండ వాలు మీదుగా కిందికి జారి పల్లంలో నిలిచిపోతుంది. చుట్టూ కొండలు, మధ్యలో లోయ. చలి బయటికి పోయే దారి లేదు. మర్నాడు పత్రికల్లో మనం చదివే అంకె చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదైనది.

టెంటు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వచ్చినవాళ్లందరికీ నీటి అంచున టెంటు కావాలి, గుమ్మం తెరిస్తే రిజర్వాయరు కనిపించాలి. అయితే ఆ చుట్టుపక్కల అన్నిటికంటే పల్లం అదే. రాత్రంతా జారిన చలి చేరేదీ అక్కడికే, మంచు విపరీతంగా కురిసేదీ అక్కడే. గట్టుకు కాస్త ఎగువన, చెట్ల గుంపు పక్కన వేసుకుంటే ఒకటి రెండు డిగ్రీలు తేడా ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి ఆ ఒకటి రెండు డిగ్రీలే నిద్రకు, వణుకుకు మధ్య తేడా.

టెంట్లు వేసే కుర్రాళ్లకు ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం ఓ కుర్రాడు ఇద్దరు పిల్లల తల్లికి టెంటు వేసిపెడుతున్నాడు. ముందు కాలి బొటనవేలితో నేలంతా తడిమాడు. వరి మోళ్లు ఉన్నచోట చిన్న పారతో చెక్కేశాడు. రెండు అడ్డ బద్దలను విల్లులా వంచి గుడ్డ గొట్టాల్లోకి దూర్చి, మేకులను నేలలోకి నిటారుగా కాకుండా టెంటుకు ఎదురు వాలుగా కొట్టాడు. ఆవిడ గుమ్మాన్ని నీటివైపు తిప్పమంది.

"అటేపు వద్దమ్మా, తెల్లారగట్ల గాలి అట్నించే కొడతాది. పిల్లలున్నారు కదా" అన్నాడు.

"మరి నీళ్లు కనిపించవు కదయ్యా?"

"పొద్దున్నే నేను లేపుతాను కదమ్మా, గట్టు మీదకి తీసుకెళ్లి చూపిస్తాను."

తర్వాత ఆ కుర్రాడు ఒక మోపు ఎండు గడ్డి తెచ్చి టెంటు అడుగున పరిచాడు. గుడారాల్లో రాత్రులు గడిపినవాళ్లకు ఆ గడ్డి విలువ తెలుస్తుంది. మనం కప్పుకోవడానికి రెండు రగ్గులు తెచ్చుకుంటాం, కింద మాత్రం పల్చటి చాప వేసుకుని పడుకుంటాం. ఒంటి బరువుకు అణిగిన చాప వేడిని నిలపలేదు, నేల దాన్ని పీల్చేస్తూనే ఉంటుంది. రెండు రగ్గులుంటే ఒకటి కింద వేసుకోవాలి. టెంటు కిటికీ వల కూడా కొద్దిగా తెరిచి ఉంచాలి. పూర్తిగా మూసేస్తే నలుగురి ఊపిరిలోని తేమ గుడ్డకు పట్టి, తెల్లారేసరికి ముఖం మీద చుక్కలుగా రాలుతుంది.

ఒక్క సంగతి మాత్రం బతిమాలి చెబుతున్నాను. చలి ఆగడం లేదని బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ స్టవ్వు గానీ టెంటు లోపల పెట్టకండి. నిప్పు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలియదు. చలిమంట బయటే వేసుకోవాలి, టెంట్లకు దూరంగా వేసుకోవాలి. పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలిపి, చేయి పెట్టి చూసి మరీ వెళ్లాలి. కట్టెలు టెంటు యజమాని దగ్గరే కొనుక్కోవచ్చు. పక్క తోటలో కొమ్మలు విరవడం అంటే ఒకరి మిరియాల తీగకు ఆధారాన్ని విరవడమే. ఈ తోటల్లో ఎత్తుగా నిటారుగా కనిపించే సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ పెరుగుతుంది, వాటి కాండాల మీద మిరియం పాకుతుంది.

రాత్రి పది తర్వాత

నాకు ఈ కొండ మీద అన్నిటికంటే ఇష్టమైనది రాత్రి పదింటి ఆకాశం. డిసెంబరు నడిమికి ఆ వేళకు కృత్తికలు దాదాపు నడినెత్తికి వస్తాయి. వాటి పక్కనే ఎర్రటి రోహిణి. తూర్పు దిక్కున మృగశిర పైకెక్కుతూ ఉంటుంది, అర్ధరాత్రికి అది కూడా నడిమింట నిలబడుతుంది. పంచాంగంలో పేర్లుగా మాత్రమే తెలిసిన నక్షత్రాలను పిల్లలకు వేలితో చూపించగలిగే చోట్లు మనకు ఎన్ని మిగిలాయి? డిసెంబరు 13, 14 తేదీల్లో వెళ్లగలిగితే జెమినిడ్ ఉల్కలు రాలడం కూడా చూడొచ్చు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. సెల్‌ఫోను ఒక్కసారి వెలిగించినా మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఆకాశం కింద ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ప్రతి గుంపుకూ ఒక బ్లూటూత్ స్పీకరు. ఒకవైపు డీజే పాట, మరోవైపు ఇంకో పాట, మధ్యలో కేకలు. నీటి మీద శబ్దం చాలా దూరం పోతుంది. ఆవలి ఒడ్డున తెల్లవారుజామునే లేచి కాఫీ పళ్లు కోతకు వెళ్లాల్సిన ఇళ్లున్నాయి. ఈ నెలలే ఆ కోత కాలం. ఎర్రగా పండిన కాయను మాత్రమే ఏరి కోయాలి, ఒకే చెట్టుకు మళ్లీ మళ్లీ రావాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా పేరు వెనక ఉన్నది ఇలాంటి చేతుల పనే. వాళ్ల నిద్ర చెడగొట్టే హక్కు మనకు లేదు.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు వేసవి సెలవుల్లో టెంట్లు వేసుకునే జాతీయ పార్కుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా గోల చేయడం నిబంధనలకు విరుద్ధం. మంట వేయాలంటే అక్కడ పెట్టిన ఇనుప వలయంలోనే వేయాలి. మనవాళ్లు ఆ నిబంధనలను బుద్ధిగా పాటిస్తారు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తాజంగి గట్టున కూడా అదే పాటించాలి, బంధువుల చేత పాటింపజేయాలి.

నీటి విషయంలో ఇంకాస్త కఠినంగా ఉండాలి. రిజర్వాయరు సాగుకు, పశువులకు ఆధారం. షాంపూ, గిన్నెల సబ్బు నీళ్లలో కలపకూడదు. గిన్నెలు కడిగినా, కాలకృత్యాలకు వెళ్లినా నీటికి కనీసం 60 మీటర్లు దూరం పోవాలి, మరుగుదొడ్డి లేనిచోట జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. ఇక ఈత మాట తలపెట్టకండి. రిజర్వాయరు అంచు చెరువు మెట్ల తీరులో ఉండదు. బురద కాలిని పట్టేస్తుంది, రెండడుగులు వేసేసరికి లోతు మారిపోతుంది, చన్నీళ్లలో కండరాలు బిగుసుకుపోతాయి.

తిండికి కొరత లేదు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, చుక్క నూనె లేకుండా నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగు పైన నల్లబడి లోపలి రసం బుసలు కొడుతూ మూతి దగ్గర పొంగినప్పుడు అడ్డాకు విస్తట్లో ఒంపుతారు. ప్లాస్టిక్ ప్లేట్లు అక్కర్లేని భోజనం ఇది. అయినా తెల్లారాక గట్టు మీద కనిపించేవి థర్మోకోల్ ప్లేట్లు, నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు. మేకలు వాటిని నములుతున్నాయి. సంతకు పోయే ఆడవాళ్లు పగిలిన సీసా ముక్కలను తప్పించుకుంటూ నడుస్తున్నారు.

దీనికి మందు కలెక్టరాఫీసు నుంచి రావాలని ఎదురుచూడక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు తన వనరుల మీద మాట చెల్లేలా 1996లో పెసా చట్టం వచ్చింది. ఎక్కడ ఎన్ని టెంట్లు వేయొచ్చు, స్పీకర్లు ఎప్పుడు ఆపాలి, చెత్తకు ఒక్కో టెంటు మీద ఎంత రుసుము, ఆ డబ్బుతో ఎన్ని మరుగుదొడ్లు అన్నవి ఊళ్లవాళ్లే కూర్చుని తీర్మానించుకోవాలి. అధికారులు ఆ తీర్మానానికి అండగా నిలబడాలి. ఊరి మాట నెగ్గినచోట టెంటు ఊరికి ఆదాయమవుతుంది. నెగ్గకపోతే రేపు ఆ మడుల్లో టెంట్ల బదులు గోడలు లేస్తాయి.

ఉదయం ఆరున్నరకు గట్టెక్కితే నీరు కనిపించదు. పగలు వేడెక్కిన నీరు రాత్రికి గాలి కంటే వెచ్చగా ఉంటుంది. దాని మీద నుంచి లేచే ఆవిరి చలిగాలి తగలగానే పొగమంచుగా మారుతుంది. మొదట పాయలు పాయలుగా లేచి, తర్వాత అన్నీ కలిసి గట్టు ఎత్తుకు నిండుతుంది. కొండ మీదికి ఎండ పడ్డాక మెల్లగా విచ్చుకుంటూ వస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు చీకటితోనే చెరువులవేనం కొండెక్కి, కాళ్ల కింద మబ్బులను చూడొచ్చు. లేనివాళ్లకు గట్టే చాలు.

సంక్రాంతి సెలవులతో రద్దీ ఆకాశాన్నంటుతుంది. కుదిరితే వారం మధ్యలో వెళ్లండి. చీకటి పడేలోపు ఘాట్ ఎక్కండి, మలుపుల్లో పొగమంచు ఎదురుగా వచ్చే లారీని దాచేస్తుంది. ఏజెన్సీలో మలేరియా భయం పూర్తిగా పోలేదు కాబట్టి దోమల మందు మరిచిపోకండి. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, చేతిలో నగదు ఉంచుకోండి. ఆ నగదు మధ్యవర్తికి కాకుండా ఎవరి మడిలో టెంటు వేస్తున్నారో ఆ ఇంటివాళ్ల చేతికే ఇవ్వండి. వస్తూ వస్తూ వాళ్ల దగ్గరే ఒక కిలో రాజ్మానో, పావు కిలో మిరియాలో కొనండి. చెత్త సంచిని మాత్రం నర్సీపట్నం దాకా మీ బండిలోనే దింపుకురండి.