ధ్వనితో చూచు యంత్రము

1955 జూలై మాసమున గ్లాస్గో ప్రసూతివైద్యాచార్యుడు ఇయాన్ డొనాల్డ్, శస్త్రచికిత్సలో వెలికి తీసిన కణితులను, నీటితిత్తులను కారులో పెట్టుకొని, రెన్‌ఫ్రూలోని యొక బాయిలర్ల కర్మాగారమునకు పోయెను. లోహములోని పగుళ్లను కనిపెట్టుటకు అచ్చట వాడుచుండిన యంత్రముతో వానిని పరీక్షింపగా, ద్రవము నిండిన తిత్తిలో శ్రవణాతీతధ్వని అడ్డులేక సాగి, ఆవలి గోడను తాకిన పిదపనే మరలివచ్చుచుండెను. ఘనమైన కణితి మాత్రము తన లోపలి పొరలన్నిటినుండియు ప్రతిధ్వనులను పంపుచుండెను. తిత్తియా, కణితియా యను ప్రశ్నయే స్త్రీవైద్యమున అల్ట్రాసౌండునకు తొలి పరీక్ష యయ్యెను.

ఈ యంత్రమునకు మూలమైన ధర్మము అంతకు పూర్వమే తెలిసినది. ఒత్తిడికి లోనైన స్ఫటికమున విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. విద్యుత్తుచే స్ఫటికమును కంపింపజేసి, ఆ ధ్వనితో జలాంతర్గాములను పసిగట్టు ఉపాయమును మొదటి ప్రపంచయుద్ధకాలమున పాల్ లాంజెవిన్ సాధించెను.

అశ్వవైద్యమునకు ఈ వరము ఆలస్యముగా లభించినది. అంతవరకు వైద్యుడు గోడిగ పురీషనాళములో చేయి చొప్పించి, దాని గోడ క్రిందనున్న గర్భాశయమును వ్రేళ్లతో తడిమి, లోపలి స్థితిని ఊహించుచుండెను. 1980లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పామర్, డ్రియాంకూర్‌లు ఆడుగుఱ్ఱముల పరీక్షలో ఈ యంత్రమును వినియోగించిన తీరును ప్రకటించిరి. అరచేతిలో ఇమిడిన శోధకమును తడిమిన చోటనే ఆనించినచో, తెరమీద ద్రవము నలుపుగను, కండ బూడిదవన్నెగను కనబడును. గర్భాశయపు కణితులు గోడిగలలో అరుదు. వానిలో తరచుగా కనబడునది నునుపు కండరమునుండి పుట్టు నిరపాయమైన గడ్డ. అండాశయమునందలి గ్రాన్యులోసా కణితి పలుమారు తేనెపట్టువలె గదులుగదులుగా దర్శనమిచ్చును. రెండవ అండాశయము సాధారణముగా కుంచించుకొనిపోయి యుండును.

అయితే తెరమీద కనబడు నల్లని గుండ్రని ఆకారములన్నియు తిత్తులు కావు. వయసుమీరిన గోడిగల గర్భాశయములో శోషరసము నిలిచి ఏర్పడు తిత్తియు, పదునాలుగు దినముల పిండకోశమును చూపునకు ఒక్కటే. కవలలు నిలిచినచో గర్భస్రావము జరుగు ప్రమాదము మిక్కిలి యధికము గనుక, వైద్యుడు రెండింటిలో ఒకదానిని చిదిమివేయును. తిత్తిని కవలపిండముగా భ్రమించి, నిజమైన పిండమునే చిదిమినచో ఆ యేటి ఈత నష్టమగును. ఈ సంకటమునకు కాలమే పరిష్కారము. అండము విడుదలయైన పదునారవ దినమువరకు పిండకోశము గర్భాశయమంతట సంచరించును, దినదినము పెరుగును. తిత్తి కదలదు, అంత త్వరగా పెరుగదు. కావున దాటించుటకు పూర్వమే తిత్తుల స్థానములను, పరిమాణములను పటము గీసి భద్రపరచుట, అనుమానము కలిగినపుడు మరల చూచుట విజ్ఞుని లక్షణము. యంత్రము ఒక క్షణపు రూపమునే చూపును. రెండు చూపులను సరిపోల్చి నిశ్చయించు బాధ్యత వైద్యునిదే.