ముగ్గులోని లెక్క – ఆచార్య సూరి భగవంతముగారు

తెల్లవాఱకముందే వాకిట చుక్కలు పెట్టి ముగ్గు తీర్చు మన చేతికిని, అయస్కాంత శాస్త్రమునకును చుట్టరికము కలదన్నచో సోదరీమణులు కొందఱు నవ్వుదురేమో. కాని ఆ చుట్టరికమును గణితముతో విశదపఱచిన పండితులలో మన కృష్ణాతీరపు బిడ్డ యొకరుండిరి. వారే ఆచార్య సూరి భగవంతముగారు.

వీరు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, విజయవాడకు చేరువను శోభనాచలస్వామి కొండక్రింద నున్న ఆగిరిపల్లియందు జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి రామనుగారి యొద్ద పరిశోధన మారంభించిరి. రామనుగారు తమ ప్రసిద్ధ ఫలితమును ప్రకటించిన సంవత్సర మదియే.

వెలుఁగు విద్యుదయస్కాంత తరంగమని 1865లో మాక్సువెల్లు ప్రతిపాదించెను. అది కణములవలెను వర్తించునని పిమ్మటివారు కనుఁగొనిరి. మఱి ఆ కణమునకు బొంగరమునకువలె భ్రమణగుణము కలదా? పదార్థముపై పడి చెదరిన వెలుఁగును ఓర్పుతో కొలిచి, కలదని గురుశిష్యులిరువురును 1931లో ప్రకటించిరి.

మఱుసటి యేఁడు భగవంతముగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరిరి. ఆ విద్యాపీఠము 1926లో నాటి బెజవాడయందే మొదలై, 1930లో వాల్తేరునకు తరలినది. అచ్చట వీరి దృష్టి స్ఫటికములపై నిలిచెను. ఇచ్చటనే మన ముగ్గు అక్కఱకు వచ్చును.

నాలుగు రేకుల పద్మపు ముగ్గును పావువంతు త్రిప్పినను అది యట్లే కానవచ్చును. నడుమ అద్దము నిలిపినను మాఱదు. కల్లుప్పు మొదలు రత్నములవఱకు స్ఫటికములన్నియు నిట్టి సౌష్ఠవమునుబట్టి 32 తరగతులగును. ఏ స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టగలదో, ఎందు పుట్టనేరదో ఈ లెక్కయే ముందుగా చెప్పును. టి. వేంకటరాయుడుగారితో కలిసి ఈ గణితమును వీరు 1948లో గ్రంథముగ వెలువరించిరి.

అయస్కాంతముకడ నొక చిక్కు కలదు. ముగ్గు గీత ఏ వైపునకు తిరిగినదో కూడ ఎంచితిమేని, కుడిసుడి అద్దమున ఎడమసుడియై కనఁబడును. అయస్కాంతగుణము పరమాణువులందలి సుడులనుండి పుట్టును గనుక, ఆకారముతోపాటు సుడి దిశను గూడ లెక్కింపవలయును. 1964లో పి.వి. పంతులుగారితో కలిసి వీరు రచించిన వ్యాసము ఈ విషయముపైననే.

ఉస్మానియా ఉపాధ్యక్షులుగను, 1957 మొదలు 1962 వఱకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగను, పిదప రక్షణశాఖ విజ్ఞాన సలహాదారుగను పనిచేసి, వీరు 1989లో దివంగతులైరి.

ఉపాధ్యాయుని యింట మసలు మేము పలుమాఱు విను మాట యొకటి కలదు. చుక్క తప్పకుండ ముగ్గు తీర్చు బాలికయే "నాకు లెక్కలు రావండీ" యనును. తల్లియు "ఆఁడపిల్లకు అంత లెక్కలెందుకులే" యని ఊరడించును. ఆ యూరడింపుతో నొక తలుపు మూసికొనిపోవుచున్నది. నేఁడు ర్యాంకులకై పిల్లలచే లెక్కలు వల్లె వేయించువారు మన పట్టణమున కొదువలేదు. ఎందుకని అడుగనిచ్చువారే అరుదు.

కావున సోదరీమణులారా, రేపు పద్మపు ముగ్గు వేసినపుడు అమ్మాయిని చెంతకు పిలువుఁడు. ఎన్ని విధముల త్రిప్పినను, అద్దమున చూచినను ఇది మాఱకుండునో చెప్పుమని అడుగుఁడు. త్రిప్పులు నాలుగు, అద్దములు నాలుగు, వెరసి ఎనిమిది. ఆ యెనిమిదిని తానై కనుఁగొన్న పిల్లకు లెక్కలు రావని ఎవరనఁగలరు?