తుపానునకు ముందే చేయవలసిన పనులు

కార్తికమాసము వచ్చినదనిన తీరప్రాంతపు రైతునకు సంతోషమును భయమును కూడ కలుగును. వరి కోతకు వచ్చునదియు, తుపాను వచ్చునదియు ఆ దినములలోనే. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. పశువులు మందలుగా కొట్టుకొనిపోయినవి. నేడు హెచ్చరిక కొన్ని దినముల ముందే అందుచున్నది. తీరమున తుపాను రక్షణ భవనములును వెలసినవి. అయినను హెచ్చరిక విని కదలనివానికి భవనమేమి చేయగలదు?

పైరు సంగతి వినుడు. తుపాను వార్త తెలిసినపిదప చేను కోసి పనలమీద వదలరాదు. కోసినదానిని వెంటనే కుప్పవేసి కప్పవలెను. మురుగుకాలువలలోని గుర్రపుడెక్కను ముందే తీసివేయవలెను. పడి తడిసిన వెన్నులు మొలకెత్తకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవలెను.

ఇక ధనము సంగతి. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమునందు, ఆహారధాన్యములకు రైతు కట్టవలసిన ప్రీమియము ఖరీఫులో నూటికి 2, రబీలో ఒకటిన్నర మించదు. కోసి పొలమున ఆరవేసిన పంట 14 దినములలోపల తుపానుచే చెడినను పరిహారము కలదు. కాని 72 గంటలలోపల తెలుపవలెను. మేమెరిగిన రైతొకడు ఐదవనాడు తడిసిన కంకులు చేతబట్టుకొని వచ్చెను. నష్టము నిజమే, గడువు మాత్రము దాటిపోయెను. ప్రభుత్వపు పెట్టుబడి రాయితీకి పంటలో నూటికి 33 వంతులైనను నష్టపడియుండవలెను. కావున కౌలుదారులు సయితము పంటను తప్పక నమోదు చేయించుకొనవలెను.

సభ్యులారా! పట్టాలు, తాళ్లు, దీపములు సంఘపు గిడ్డంగిలో ముందే చేర్చుడు. వచ్చు సర్వసభ్య సభలో ఆపన్నిధికి తీర్మానము చేయుడు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినచో నీరు దొరకునా?