పళ్ళు చెప్పే సాక్ష్యం

తిన్న తిండి అరిగిపోగానే దాని పని అయిపోయిందనుకుంటాం. కాని అందులో కొంత మన పళ్ళలో చేరి, మనతోబాటు నిలిచిపోతుంది. లక్షల సంవత్సరాల క్రితం బతికిన ఆదిమానవులు ఏమి తిన్నారో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారంటే అది ఈ పళ్ళ చలవే. ఎలాగో చూద్దామా?

ముందుగా అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం పోదాం. 14వ శతాబ్దంలో విజయనగర ప్రభువు బుక్కరాయల పేర వెలసిన చెరువు వల్ల ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే కరువుసీమ అది. నీళ్ళున్న ఏడు చెరువు కింద వరి పండుతుంది. మెట్టచేలలో వేరుశనగ, కంది, జొన్న, కొర్ర వేస్తారు. చెమ్మ ఉన్నచోట తుంగ మొలుస్తుంది. ఈ మొక్కల పేర్లు గుర్తుంచుకోండి. మన కథకు ఇవే ఆధారం.

గాలి ఒకటే, దారులు రెండు

మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ఆహారం తయారుచేసుకుంటాయని మీరు చదువుకున్నారు. కార్బన్ పరమాణువులు నూరు తీసుకుంటే, వాటిలో దాదాపు 99 కార్బన్-12 అనే తేలికరకం. మిగిలిన ఒక్కటి కార్బన్-13 అనే బరువురకం. వరి, వేరుశనగ, కంది, చెట్లు ఈ బరువురకాన్ని కాస్త ఎక్కువగా వదిలేస్తాయి. జొన్న, కొర్ర, సజ్జ, రాగి, తుంగ అలా కాదు. అవి ఎండలకు అనువైన మరో పద్ధతిలో కార్బన్‌ను పట్టుకుంటాయి. అందువల్ల వాటిలో బరువు కార్బన్ కొంచెం ఎక్కువ. తేడా స్వల్పమే అయినా మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరం దాన్ని పట్టేస్తుంది.

మొక్కను తిన్న జంతువుకు ఆ గుర్తు సంక్రమిస్తుంది. తుమ్మాకు మేసి పెరిగిన మేక పంటిలో ఒక గుర్తు, జొన్నచొప్ప తిని పెరిగిన దూడ పంటిలో మరొక గుర్తు ఉంటాయి.

పన్నే ఎందుకు?

పంటిని కప్పి ఉండే పింగాణీ పొర శరీరంలోకెల్లా గట్టి పదార్థం. చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే ఆ పొర ఏర్పడుతుంది. ఆ తరువాత శరీరం దాన్ని తిరిగి తయారుచేయలేదు. కనుక బాల్యంలో తిన్నదాని గుర్తు అందులో పదిలంగా ఉండిపోతుంది. ఎముకలు నశించినచోట కూడా పళ్ళు మిగులుతాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలలో 1884-85 ప్రాంతంలో తవ్వకాలు జరిపినప్పుడు, నేడు ఆ ప్రాంతంలో లేని ఖడ్గమృగం వంటి జంతువుల శిలాజాలు బయటపడ్డాయి. వాటిని గుర్తించడానికి పళ్ళే ఎంతో తోడ్పడ్డాయి.

గింజలు కొరికే మనిషి!

ఇక ఆఫ్రికాకు వెళదాం. 1959 జూలై 17న మేరీ లీకీ అనే శాస్త్రజ్ఞురాలికి, నేటి టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో ఒక పుర్రె దొరికింది. దాని వయస్సు సుమారు 17 లక్షల 50 వేల సంవత్సరాలు. దవడ పళ్ళు మన పళ్ళకంటే ఎంతో పెద్దవి. వాటి పింగాణీ బాగా మందం. ఇంత బలమైన పళ్ళు గట్టి గింజలు పగలగొట్టడానికే అయి ఉంటాయనుకున్నారు. అడకత్తెర మనిషి అన్నట్టుగా దానికి ముద్దుపేరు కూడా పెట్టారు. శాస్త్రీయ నామం పరాంత్రోపస్ బోయిసీ. ఇది మనకు నేరుగా ముత్తాత కాదు. పెద్దనాన్న కొడుకు వరస అనుకోండి.

2008లో పీటర్ ఉంగర్, ఆయన సహచరులు ఈ జాతి పళ్ళను శక్తివంతమైన సూక్ష్మదర్శినితో పరీక్షించారు. గట్టి గింజలు కొరికితే పంటిమీద లోతైన గుంటలు పడాలి. అవి కనిపించలేదు! సన్నని గీతలు మాత్రం ఉన్నాయి. 2011లో థూర్ సెర్లింగ్ బృందం 22 మంది పళ్ళలోని కార్బన్‌ను లెక్కగట్టింది. వాళ్ళ తిండిలో సుమారు 77 శాతం జొన్న దారి మొక్కల నుంచి వచ్చిందని తేలింది. అంటే గడ్డి, తుంగ జాతి మొక్కలన్నమాట. గింజలు పగలగొట్టే వీరుడనుకున్నవాడు నిజానికి గడ్డి నమిలేవాడు!

మరి కార్బన్ సాక్ష్యం ఒక్కటే చాలా? చాలదు. గడ్డి తిన్న జంతువు మాంసం తిన్నా అదే గుర్తు పడుతుంది. పంటి ఆకారం ఏమి తినగలడో చెబుతుంది. గీతలు చనిపోయే ముందు కొద్ది రోజుల్లో ఏమి నమిలాడో చెబుతాయి. కార్బన్ చిన్ననాటి తిండి చెబుతుంది. ముగ్గురు సాక్షులనూ విన్నాకే తీర్పు చెప్పాలి.

మీ పళ్ళ సంగతి

ఈ పాఠం శిలాజాలకే కాదు, మీ తరగతికీ వర్తిస్తుంది. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పింగాణీ ఏర్పడే వయస్సులో, అంటే సుమారు 8 ఏళ్ళలోపు, అలాంటి నీళ్ళు తాగితే పళ్ళమీద గోధుమరంగు చారలు పడతాయి. ఎంత తోమినా అవి పోవు. అలాంటి పళ్ళున్న స్నేహితుణ్ణి చూసి "పళ్ళు తోముకోడు" అని నవ్వకండి. అది అతని బద్ధకానికి సాక్ష్యం కాదు, చిన్నప్పుడు తాగిన నీటికి సాక్ష్యం.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుంటే మంచిది. వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. మీ ఊరి నీటిని పరీక్ష చేయించారేమో ఉపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోండి. మీ ఇంట్లో పాలపళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకోసం తప్పకుండా అడగండి. వాళ్ళకు రాబోయే పళ్ళు చిగుళ్ళ లోపల ఇప్పుడే తయారవుతున్నాయి.