వానాకాలంలో అడ్డసరం కొమ్మలకు బూజు పట్టకుండా...

అడ్డసరం పాఠకులకు కొత్తగా పరిచయం చేయనవసరం లేని మొక్క. సంస్కృతంలో ‘వాస’ అని వ్యవహరించే ఈ పొదను దగ్గు, ఆయాసం, కఫవికారాలలో మన వైద్యులు తరతరాలుగా వాడుతున్నారు. దీని ఆకులలోని ‘వాసిసిన్’ అనే ఆల్కలాయిడ్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫహర ఔషధం రూపొందింది. కొమ్మ నాటి సులభంగా పెంచుకోదగిన మొక్కే అయినా, వానాకాలపు తేమలో వేరు తొడగకముందే బూజు పట్టి కుళ్ళిపోవడం కద్దు. ఆ నష్టాన్ని నేను స్వయంగా అనుభవించాను.

మా పెరటిలో అమ్మ నాటిన అడ్డసరం పొద ఒకటి ఉండేది. ప్రహరీగోడ నిర్మాణం కోసం దానిని తొలగించవలసి వచ్చింది. అమ్మ చేతి మొక్క అంతరించిపోరాదని ఆషాఢంలో పన్నెండు కొమ్మలు కోసి, పశువుల ఎరువు కలిపిన మట్టిలో నాటి, పాలిథిన్ సంచి కప్పాను. ఎండిపోతాయన్న భయంతో ఒక్కనాడూ సంచి తీయలేదు. తొమ్మిదవ రోజున తీసి చూస్తే ముక్కవాసన, ఆకుల నిండా బూడిదరంగు బూజు! పన్నెండూ పోయాయి. వానల వలన గోడపని ఆగడంతో పొదలో రెండు రెమ్మలు మిగిలి ఉండడం నా అదృష్టం.

బూజుకు కారణం

వేరులేని కొమ్మ నీటిని తగినంత పీల్చుకోలేదు. ఆకులు మాత్రం నీటిని కోల్పోతూనే ఉంటాయి. అందువలన చుట్టూ గాలిలో తేమ అవసరమే. కాని గాలి కదలక, ఆకులపై నీరు నిలిచి, కుళ్ళే పదార్థం తోడైతే శిలీంధ్రాలు విజృంభిస్తాయి. కనుక తేమ గాలిలో ఉండాలి, ఆకు మీద నీరై నిలువరాదు. రెండవసారి ఈ సూత్రాన్నే పాటించాను.

పాటించవలసిన పద్ధతి

ఎరువు, తోటమట్టి వద్దు. ఏటి ఇసుకను తేటనీరు వచ్చేవరకు కడిగి, మరుగుతున్న నీరు పోసి, చల్లారిన తరువాత అడుగున రంధ్రాలున్న కుండీలో నింపాలి. కత్తిని మరిగే నీటిలో ముంచి శుభ్రపరచాలి.

పెన్సిలంత లావు, 15 నుండి 20 సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు కణుపులు గల ముదురు కొమ్మను ఎన్నుకొని, కణుపుకు సరిగా దిగువన కోయాలి. పూమొగ్గలను, క్రింది ఆకులను తొలగించి, పై రెండు ఆకులను సగానికి కత్తిరించాలి. ఒకదాని ఆకులు మరొకదానికి తగలనంత ఎడంగా, రెండు కణుపులు ఇసుకలో ఉండేటట్లు నాటాలి. కోతకు చిటికెడు పసుపు అద్దడం మన పెద్దల అలవాటు. పసుపుకు శిలీంధ్రాలను అరికట్టే గుణం ఉన్నప్పటికీ, అది గాలికి ప్రత్యామ్నాయం కాదు.

పుల్లలు గుచ్చి, ఆకులకు తగలకుండా సంచి కప్పాలి. ఎండ సోకని వెలుతురులో ఉంచి, ఉదయం, సాయంత్రం పావుగంటసేపు సంచి తీసి, లోపలి నీటిబిందువులను తుడవాలి. ఇసుకను పిడికిట నొక్కినప్పుడు నీరు కారితే తడి ఎక్కువైనట్లే. పండిన ఆకును ఏనాటికానాడు ఏరివేయాలి. బూజు పట్టిన కొమ్మను చుట్టూ ఉన్న ఇసుకతో సహా తీసి పారవేయాలి.

చిగురు కనబడగానే వేరు వచ్చిందని భ్రమపడరాదు. కొమ్మలోని నిల్వ ఆహారంతోనూ చిగురు వస్తుంది. నెల దాటిన తరువాత మెల్లగా లాగినప్పుడు కదలకుండా పట్టి ఉంటే వేరు నిలిచినట్లు. అటుపిమ్మట వారంరోజులపాటు సంచి తీసి ఉంచే సమయాన్ని క్రమంగా పెంచాలి.

నల్లేరు, తిప్పతీగ, వాము ఆకు వంటి రసభరితమైన మొక్కలకు సంచి అనవసరం. కోత ఆరేవరకు నీడన ఉంచి నాటితే చాలు.

హెచ్చరిక

బూజు సోకిన ఆకులను కషాయానికి వాడరాదు. ఉబ్బసం ఉన్నవారు బూజు పట్టిన కుండీలను తాకకుండా ఇతరులకు అప్పగించడం మంచిది. గర్భిణులు అడ్డసరం సేవించరాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు, రక్తం పడే దగ్గుకు గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి.

రెండవసారి నాటిన ఎనిమిదింటిలో ఆరు బ్రతికాయి. గోడ లేచింది, దాని ప్రక్కనే అమ్మ అడ్డసరం మళ్ళీ పొద కడుతున్నది.