పన్ను క్యాప్ కదులుతోందా? నొప్పి లేదని ఊరుకోకండి



రూట్ కెనాల్ చేయించుకొని క్యాప్ పెట్టించుకున్నవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఆ క్యాప్ కదిలినా, ఊడినా "నొప్పి లేదు కదా, మిర్చి కోతలు అయ్యాక చూద్దాం" అనుకోవడం మామూలే. పన్ను పోయేది ఇక్కడే. రూట్ కెనాల్ చేసిన పంటిలో నరం ఉండదు. కాబట్టి లోపల పుచ్చిపోతున్నా నొప్పి తెలియదు.

క్యాప్ ఎందుకు వదులవుతుంది?

క్యాప్‌ను పంటికి పట్టి ఉంచేది వెంట్రుక మందమంత సిమెంటు పొర మాత్రమే. కొన్నేళ్లకు అది కరిగిపోవచ్చు. చిగురు దగ్గర పాచి పేరుకుంటే క్యాప్ అంచు కింద పన్ను పుచ్చుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటు, వక్కలు, ఎముకలు కొరకడం, బెల్లం పాకంతో చేసిన పల్లీ ఉండలు తినడం కూడా కారణాలే.

ముందుగా కనిపించే గుర్తులు

నమిలేటప్పుడు క్యాప్ కదిలినట్లుండడం, దాని చుట్టూ ఆహారం ఇరుక్కోవడం, నోటిలో చెడు వాసన లేక రుచి, చల్లని నీళ్లకు జివ్వుమనడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోండి.

ఊడిపోతే ఏమి చేయాలి?

1. క్యాప్‌ను నోటి నుండి తీసి, నీటితో కడిగి చిన్న డబ్బీలో పెట్టండి. కాగితంలో చుడితే చెత్తలో పోతుంది.
2. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించండి. ఆ పంటిని మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయండి.
3. రెండో వైపు నమలండి. జివ్వుమంటే దూదితో కొంచెం లవంగ నూనె పంటికి మాత్రమే అద్దండి.
4. రెండు మూడు రోజుల్లో డబ్బీతో సహా దంత వైద్యుని దగ్గరకు వెళ్లండి. మణుగూరు, భద్రాచలం, కొత్తగూడెం, ఎక్కడ వీలైతే అక్కడికి వెళ్లండి. ఖమ్మంలో దంత వైద్య కళాశాల కూడా ఉంది.

ఏమి చేయకూడదు?

ఫెవిక్విక్ వంటి జిగురుతో అతికించవద్దు. అది చిగురును కాలుస్తుంది, క్యాప్ సరిగా కూర్చోదు, తరువాత డాక్టరుకు తీయడమూ కష్టమే. ఊగుతున్న క్యాప్‌తో నిద్రపోవద్దు. పొరపాటున మింగితే చాలావరకు కొద్ది రోజుల్లో విరేచనంలో వెళ్లిపోతుంది. అయినా డాక్టరుకు చెప్పండి. మింగినప్పుడు పొలమారి దగ్గు వచ్చినా, ఆయాసం, పిల్లికూతలు ఉన్నా అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. దగ్గు తగ్గిందని ఆగక వెంటనే ఆసుపత్రికి రండి. దవడ వాపు, చీము, జ్వరం ఉన్నా ఆలస్యం వద్దు.

ఆలస్యం చేస్తే?

డాక్టరు పాత సిమెంటు తీసి, పుచ్చు లేదని చూసి, అదే క్యాప్‌ను తిరిగి అతికించగలరు. ఖర్చు తక్కువ. వారాలు గడిస్తే పక్క పళ్లు జరిగి ఆ క్యాప్ పట్టదు, కొత్తది చేయించాలి. క్యాప్ లేని రూట్ కెనాల్ పన్ను పెళుసుగా ఉంటుంది. నమిలేటప్పుడు నిలువునా చీలితే తీసివేయడం తప్ప దారి ఉండదు.

రాకుండా జాగ్రత్తలు

ఉదయం, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. వేప పుల్ల వాడేవారు చిగురును గీరకుండా, రాత్రి తప్పక బ్రష్ చేయండి. పళ్లతో సీసా మూతలు తీయవద్దు. గుట్కా, వక్కలు మానండి. నిద్రలో పళ్లు కొరికేవారు డాక్టరును అడిగి రాత్రి పెట్టుకునే గార్డు చేయించుకోండి. ఆరు నెలలకొకసారి పళ్లు చూపించుకోండి. షుగరు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

దేవుడిచ్చిన దేహాన్ని శ్రద్ధగా చూసుకోవడం కూడా ఆయనకు కృతజ్ఞత చెల్లించడమే. ఇంట్లో పెద్దలకు ఈ పేజీ చదివి వినిపించండి.